అసైన్‌మెంట్‌ని ముక్కలు చేసుకుంటే వాయిదా వేయడం తగ్గుతుందా?

తగ్గుతుంది. కానీ అందరూ చెప్పే పద్ధతిలో కాదు. "సోమవారం యూనిట్ 1, మంగళవారం యూనిట్ 2" అని గోడకి కాగితం అంటిస్తే వాయిదాని వారమంతా పంచుకున్నట్టే.

నేను హైదరాబాద్ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) చదివాను, ఆర్18 రెగ్యులేషన్, అంటే 2018 బ్యాచ్ నుంచి పెట్టిన సిలబస్, మార్కుల నియమాలు. అప్పట్లో 25 మార్కుల ఇంటర్నల్లో అసైన్‌మెంట్‌కి 5 ఉండేవి. ఆ ఐదు కోసం మా రూమ్మేట్ పడ్డ అవస్థ చూడాలి. 2-2లో, అంటే రెండో ఏడాది రెండో సెమిస్టర్లో, డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు) ప్రశ్న ఇచ్చారు: కాలేజీ లైబ్రరీకి ఈఆర్ డయాగ్రమ్ (దేనికి దేనితో సంబంధమో చూపే బొమ్మ) గీసి, టేబుళ్లు రాసి, మూడో నార్మల్ ఫామ్ దాకా తీసుకురావాలి. అంటే ఒకే సమాచారం పదే పదే రాకుండా టేబుళ్లని విడగొట్టాలి, దాన్నే నార్మలైజేషన్ అంటారు. వాడు ఏ4 కాగితాలు తెచ్చాడు, స్కేలుతో మార్జిన్లు కొట్టాడు, మొదటి పేజీ మీద పేరూ రోల్ నంబరూ స్కెచ్ పెన్నుతో దిద్దాడు. అక్కడితో సరి. రోజూ రాత్రి ఆ కట్ట బయటికి తీయడం, "రేపు కూర్చుందాం మామా" అని మళ్లీ దిండు కింద పెట్టడం.

నాకే విసుగొచ్చి, "డయాగ్రమ్ సంగతి వదిలేయ్ రా, లైబ్రరీకి వెళ్లి ఏం చేస్తావో వరసగా చెప్పు" అన్నా. వాడు చెబుతుంటే నోట్లోంచి వచ్చిన పేర్లన్నీ రఫ్ పేపర్ మీద రాశా: పుస్తకం, స్టూడెంట్, కార్డు, ఫైను. వాడి మంచం మీదే ఒక లైబ్రరీ పుస్తకం ఉంది. "ఇదే పుస్తకం నా దగ్గరా ఉంది కదా, ఏది నీదో లైబ్రేరియన్‌కి ఎలా తెలుస్తుంది?" అని అడిగా. అట్ట తిప్పి, లోపల స్టాంపు మీద చేత్తో రాసిన యాక్సెషన్ నంబర్ చూశాడు. "ఓహో! ఐఎస్‌బీఎన్, అదే అట్ట మీద అచ్చేసిన నంబర్, ఇద్దరిదీ ఒకటే, ఈ నంబర్ మాత్రం కాపీకొకటి. అయితే పుస్తకానికో టేబులు, కాపీకో టేబులు!" ఇక వాణ్ని ఆపడం నా వల్ల కాలేదు. ఇష్యూ టేబుల్లో యాక్సెషన్ నంబర్, రోల్ నంబర్, తేదీలు ఉంటే చాలు, రచయిత పేరు ప్రతి వరసలో మళ్లీ ఎందుకు అని వాడే కొట్టేశాడు. నార్మలైజేషన్ సగం అక్కడే అయిపోయింది.

నా లెక్కలో ముక్క అంటే కూర్చున్న చోటే అయిపోవాలి, అయ్యాక కాగితం మీద ఏదో ఒకటి మిగలాలి. "నార్మలైజేషన్ చదవాలి" ముక్క కాదు. "ఫైను ఏ టేబుల్లో పెట్టాలో తేల్చి రెండు లైన్లు రాయాలి", ఇదీ ముక్క.

టైమర్ పెట్టుకోమని కూడా చెబుతారు. పొమొడోరో పద్ధతి కనిపెట్టిన ఇటలీ ఆయన ఫ్రాన్చెస్కో చిరిల్లో 1980ల చివర్లో, స్టూడెంట్‌గా ఉన్నప్పుడు, వంటింటి టైమర్ తిప్పుకుని చదివాడు. 25 నిమిషాలు పని, తర్వాత కాస్త విరామం. మంచిదే. మా హాస్టల్లో మాత్రం ఏ టైమర్ యాప్ బాగుందో తేల్చడానికే సాయంత్రం గడిచిపోయేది.

అయినా తప్పంతా పిల్లలదేనా? మిడ్ ముందు వారంలో అన్ని సబ్జెక్టుల సారులూ ఒకేసారి అసైన్‌మెంట్లు పడేస్తారు. మధ్యలో ఎంతవరకు వచ్చిందని ఒక్కరూ అడగరు. ఆఖరి రోజు క్లాసులో ఒకడు రాసింది మిగతా క్లాసంతా దించుతుంది, సారు మార్జిన్లు చూసి సంతకం పెట్టేస్తారు. ఉన్నవే 5 మార్కులు కదా, డయాగ్రమ్ చూసినప్పుడు రెండు, టేబుళ్లు చూసినప్పుడు మూడు వేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?