ఆవు ఈనిందా, ప్రసవించిందా?

సందేహం: పశు ఆరోగ్య డిప్లొమా చదువుతున్నాను. జవాబుపత్రంలో ‘చూడి ఆవు ఈనిన తరువాత’ అని రాస్తే, మొరటుగా ఉందని కొట్టివేసి ‘గర్భిణీ ఆవు ప్రసవానంతరం’ అని దిద్దారు. ఏది ఒప్పు? ‘ఎద’, ‘మాయ’ అనే మాటలను శాస్త్ర విషయాల్లో వాడవచ్చునా?

సమాధానం: కొట్టివేసిన వాక్యంలో నాకు దోషమేమీ కనిపించలేదు. దిద్దిన దానిలోనే ఉంది. గర్భిణి అన్నదే నామవాచకం. దాన్ని విశేషణం చేసి ‘గర్భిణీ స్త్రీ’ అనడం మనకు అలవాటైపోయింది, ఇప్పుడా అలవాటు పశువుల పాక దాకా వచ్చిందన్నమాట.

‘ఈను’ అరువు తెచ్చుకున్న మాట కాదు. తమిళంలో ‘ఈన్’, కన్నడంలో ‘ఈను’ ఇదే అర్థంలో ఉన్నాయి కనుక ఇది దక్షిణాది భాషల ఉమ్మడి ఆస్తి. మనవాళ్లు దాన్ని పశువుకే కట్టివేయలేదు. పొట్టమీద ఉన్న వరి వెన్ను తీస్తే వరి ఈనిందన్నారు. జనం కిక్కిరిసి వస్తే నేల ఈనినట్లుందన్నారు. ‘ఈనగాచి నక్కలపాలు చేసినట్లు’ అనే సామెత మీరు వినే ఉంటారు. ఆ ‘ఈనగాచి’ అన్న నాలుగక్షరాల్లో, రాత్రంతా మేలుకొని, ఉమ్మనీటి సంచి కనబడిందా, ముందుకాళ్లు రెండూ వాటిమీద మూతీ వరుసగా వస్తున్నాయా అని దీపం పట్టుకొని చూసే మనిషి ఉన్నాడు. మీకు ‘ప్రసవ పర్యవేక్షణ’ అని నేర్పేది అతని పనినే. మనిషి విషయంలో ‘ఈను’ తిట్టు అవుతుంది, నిజమే. మనుషులకు ‘కను’ ఉంది. బహుశా దిద్దినవారి చెవికి ఆ తిట్టే వినిపించి ఉంటుంది. పశువు విషయంలో మాత్రం అది ఉన్నమాటే.

ఈ ధాతువు సంతానం ఇంకా ఉంది. ‘ఈత’ అంటే ఈనడం; ‘మూడో ఈత ఆవు’ అనగానే అది మూడుసార్లు ఈనిందని తెలిసిపోతుంది. ఈతకూ ఈతకూ మధ్య ఎడం ఎంత అని అడిగితే పశువును పెంచే ఎవరైనా వెంటనే చెబుతారు. ‘ప్రసవాంతర కాలం’ ఎంత అని అడిగితే మీ ముఖం వంక చూస్తారు. నెలలు నిండకుండా దూడ పడిపోవడాన్ని ‘ఈచుకపోవడం’ అంటారు, వాడుకలో అది ఈసుకుపోవడమైంది. దీనికీ ఈనుకీ చుట్టరికం ఉన్నదనే నా ఊహ, పట్టుబట్టను. బ్రూసెల్లోసిస్‌కు ‘ఈసుడు రోగం’ అన్న పేరు దీనినుంచే వచ్చింది. ఆ రోగంలో పశువు ఎక్కువగా చూడి చివరి నెలల్లో ఈసుకుపోతుంది, అది మనుషులకూ అంటుకుంటుంది. కనుక ‘పోయినసారి ఈసుకుపోయింది’ అని యజమాని అన్నప్పుడు ఆ మాట అందని విద్యార్థి, చేతికి తొడుగు వేసుకోవలసిన చోట వేసుకోడు.

చూడి, చూలు ఒక గూటి పక్షులే. తమిళంలోనూ ‘సూల్’ ఉంది. చూలు మనుషులకూ చెల్లుతుంది, చూడి పశువుకే. ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు, గేదెకు 310, మేకకు 150, పందికి 114 అని చెబితే ఏ లెక్కా తప్పిపోదు.

పశువు జతకోరే స్థితిని చెప్పే ‘ఎద’ను నిస్సంకోచంగా వాడండి, రొమ్ము అనే అర్థమున్న ఎదతో తికమక పడేవారెవరూ లేరు. ఈనిన తరువాత బయటపడే ‘మాయ’ కూడా అంతే. ఆవు మాయ వేయలేదంటే, ఈనిన 12 గంటల తరువాత కూడా అది లోపలే ఉందా అని మీరు అడగాలి. ‘జరాయువు’ అని రాస్తే తప్పులేదు, అడగడానికి మాత్రం పనికిరాదు.

ఇంతకంటే నాకు కష్టం కలిగించేది ‘పాలజ్వరం’. ఈనిన ఒకటి రెండు రోజుల్లో మెడ డొక్కవైపు తిప్పుకొని పడుకున్న ఆవు చెవులు పట్టుకుంటే చల్లగా ఉంటాయి. రక్తంలో కాల్షియం పడిపోవడమే రోగం, వేడి ఉండవలసినదానికన్నా తగ్గుతుంది. ఇంగ్లీషువారు పొరపాటున పెట్టిన పేరును మనం మక్కికి మక్కిగా దించుకొని, లేని జ్వరాన్ని తెలుగులోకి తెచ్చుకున్నాము. పేరు పాతుకుపోయింది, ఇప్పుడు పెరకలేము.

సంస్కృత పదాలన్నీ తీసివేయమని నా మాటలకు అర్థం కాదు. గర్భాశయం, అండాశయం వంటి అవయవాల పేర్లు అలాగే ఉండాలి; పశువు స్థితినీ, దానికి జరిగినదానినీ చెప్పేటప్పుడు తెలుగు క్రియ మేలు. అయితే మార్కులు దిద్దేవారి చేతిలో ఉన్నాయి. అందుచేత మొదటిసారి ‘చూడి (గర్భధారణ)’ అని రెండూ రాసి, ఆ తరువాత చూడితోనే నడిపించడం ప్రస్తుతానికి క్షేమమనుకుంటాను.