అకౌంట్స్ టేబుల్ కింద ఎవరిదో తెలియని సర్వర్: పీకేయొచ్చా?

మీ అకౌంట్స్ సెక్షన్‌లో రిజిస్టర్‌లో లేని విండోస్ 7 సీపీయూ ఒకటి రాత్రింబవళ్లు నడుస్తోంది, తీసేయొచ్చా అని అడిగారు. తీసేయాల్సిందే, కానీ ఇవాళే కాదు.

నా పాత కంపెనీలో ఇలాంటివి చాలానే బయటపడ్డాయి. ఒకదాని పవర్ బటన్ మీద ‘ఆపవద్దు’ అని కాగితం, సెల్లోటేపు పసుపు రంగుకి తిరిగింది. అంటించినాయన ఎప్పుడో ఉద్యోగం మానేశాడట. లోపల ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా ఫోల్డర్! సర్వర్‌లో జాగా అడిగితే ఐటీ వాళ్లు పట్టించుకోలేదు, దాంతో అకౌంట్స్ వాళ్లు తమ తిప్పలు తాము పడ్డారు. మీ దగ్గరా కథ అదే అయివుంటుంది. కాబట్టి వెళ్లీ వెళ్లగానే దబాయించకండి. దబాయిస్తే ఈసారి బీరువా వెనక పెడతారు.

ముందు ఆ మెషీన్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద సెషన్స్ చూడండి. ఎవరెవరు వాడుతున్నారో యూజర్ పేర్లతో సహా కనిపిస్తుంది. అనుకున్న టైముకి పనులు వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్ కూడా చూడండి, రాత్రిపూట ఏదో బ్యాచ్ ఫైల్ బ్యాకప్ తీస్తూ ఉండొచ్చు. డేటా మొత్తం అసలు సర్వర్‌కి కాపీ చేసి, వాళ్లని అక్కడికి మార్చాక నెట్‌వర్క్ కేబుల్ మాత్రం పీకండి. కరెంటు ఆపొద్దు. ఏళ్ల తరబడి తిరిగిన హార్డ్‌డిస్క్ ఒకసారి ఆగితే మళ్లీ లేస్తుందన్న గ్యారంటీ లేదు. నెలాఖరు, ఆ తర్వాత జీఎస్టీ నెలవారీ రిటర్నుల గడువులు, అంటే 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ, దాటేవరకు అలాగే ఉంచండి. ఎవరికైనా అవసరముంటే ఆలోగా ఫోన్ వస్తుంది.

‘బానే నడుస్తోందిగా’ అని మేనేజర్ అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ వన్నాక్రైని గుర్తుచేయండి. 2017 మేలో అది ఫైల్ షేరింగ్‌లోని లోపంలోంచే పాకింది. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ మార్చిలోనే వచ్చినా వేసుకోనివాళ్లు మునిగారు, అందులో ఎక్కువ విండోస్ 7 మెషీన్లే. మన ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లకూ తగిలింది. 2020 జనవరి 14తో విండోస్ 7కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లే ఆగిపోయాయి.

ఒక్కదానికి మాత్రం ఆగక్కర్లేదు: ఎవరో ఇంటినుంచి తెచ్చి గోడలోని నెట్‌వర్క్ సాకెట్‌కి తగిలించిన వైఫై రూటర్. అది తనే కంప్యూటర్లకి ఐపీలు (నెట్‌వర్క్ అడ్రస్‌లు) పంచడం మొదలుపెడితే ఫ్లోర్ అంతా ‘నెట్ రావట్లేదు’ అని గోల. దాన్ని అప్పటికప్పుడే పీకేసి, నెట్‌వర్క్ స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (ఇలాంటి బయటి పరికరాలు ఐపీలు పంచకుండా ఆపే సెట్టింగ్) ఆన్ చేయండి.