పక్కింటబ్బాయి జీతం సంగతి వదిలేయండి

కావలి నుంచి ఒక తండ్రి రాశారు: "మా పాప బీఫార్మసీ చివరి సంవత్సరం. మెడికల్ కోడింగ్ నేర్చుకోమంటే వినదు. వేర్వేరు వైద్య పదకోశాల్లోని మాటలు అర్థంలో ఎంత దగ్గరో కంప్యూటర్‌తో కొలిచే ప్రాజెక్టు చేస్తానంటోంది. పక్కింటబ్బాయి కోడింగ్ నేర్చుకుని చెన్నైలో సంపాదిస్తున్నాడు. ఈ కొలతలు కూడు పెడతాయా? రెండింట్లో ఏది మేలు?"

కోర్సు పేరు మారుతుందంతే, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పాప చదువయ్యాక ఇంట్లో ఖాళీగా ఉండిపోతుందేమోనని మీ టెన్షన్. ఉండదు. మెడికల్ కోడింగంటే రోగి రికార్డు చదివి, జబ్బులకు తగిన కోడ్లు వేసే పని. ముందు మీ పాప చేస్తానన్న పనేమిటో చూడండి.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఆ నీళ్లకు పళ్లు గారపడితే, జబ్బులకు కోడ్లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో కోడు కె00.3. ఎముకలకు పాకితే ఎం85.1. మొదటిది జీర్ణవ్యవస్థ అధ్యాయంలో ఉంది, రెండోది ఎముకలూ కండరాల అధ్యాయంలో. జాబితాను చెట్టులా చూసి, రెండు జబ్బుల మధ్య కొమ్మలు లెక్కపెట్టి దూరం కొలిచే ప్రోగ్రామ్‌ను అడిగితే ఈ రెండూ ఒకదానికొకటి ఏమీ కావంటుంది. కనిగిరి అవ్వనడిగితే రెండూ నీళ్ల జబ్బే అంటుంది. స్నోమెడ్ సీటీ అనే ఇంకో పదకోశంలో ఒకే జబ్బును రెండు మూడు తల్లి వర్గాల కింద పెట్టొచ్చు, కాబట్టి అక్కడ లెక్క మారిపోతుంది. ఇన్సులిన్‌కీ షుగర్‌కీ సంబంధం ఉంది గానీ పోలిక లేదు, ఒకటి మందు, ఒకటి జబ్బు. ఇది మీ పాపకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒట్టి సాఫ్ట్‌వేర్ చదివినవాడికి కూర్చోబెట్టి చెప్పాలి.

కోడింగ్ చెడ్డదని నేననను. చాలా ఇళ్లు దానిమీద నిలబడ్డాయి. కానీ "మూడు నెలలు, గ్యారంటీ ప్లేస్‌మెంట్" అనే బోర్డు చూస్తే నాకు అనుమానమే. కోడు వెతికే పని సాఫ్ట్‌వేర్ చేతిలోకి పోతోంది, అది వేసిన కోడు తప్పని పట్టుకోగలిగినవాళ్లు మిగులుతారు. అదే బోర్డుకు ఏఐ అని తగిలించి ఫీజు పెంచినచోటికైతే అసలు పోవద్దు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఉత్తరంలో పక్కింటబ్బాయి గురించి రాసినంత మీ పాప గురించి రాయలేదు. ఆమెకు ఏ సబ్జెక్టు ఇష్టమో కూడా లేదు. అడిగారా?

ఏది మేలని అడిగారు గానీ ఇవి రెండూ విడి దారులు కావు. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో 30 జతల వైద్య పదాలిచ్చి, ఏవి ఎంత దగ్గరో డాక్టర్లతో పాటు మెడికల్ కోడర్లతోనూ మార్కులు వేయించారు. కంప్యూటర్ కొలతను ఆ మార్కులతోనే సరిచూశారు. కొత్తగా చదువైన పిల్లలకు పదకోశాల ఉద్యోగం నేరుగా దొరకడం కష్టం, నెల్లూరులో మరీను. కోడింగ్‌లోనో డేటా పనిలోనో చేరి అటు మళ్లొచ్చు.

ప్రాజెక్టుకు మీ జేబులోంచి రూపాయి పోదు. మన దేశంలో స్నోమెడ్ లైసెన్సు ఉచితం. పదకోశాలన్నిటినీ కలిపే అమెరికా వారి యూఎంఎల్ఎస్ కూడా అంతే. పరీక్షలయ్యేదాకా పాపను ఆ పనిలో ఉండనివ్వండి. ఆ తర్వాత తనే కోడింగ్‌లో చేరతానంటే ఫీజు కట్టండి, అదీ వాయిదాల్లో.