రోజూ పాస్‌వర్డ్‌లు మార్చడమేనట, మా అమ్మాయిని ఉద్యోగం మానేయమనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈలో బీటెక్ చేసింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరి ఎనిమిది నెలలైంది. ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్ మీద సపోర్ట్ పని. కనెక్షన్లు పెట్టడం, పాస్‌వర్డ్‌లు మార్చడం, టెస్ట్ చేసి చూడడం, ఇంతేనట. కోడింగ్ లేదు, నైట్ షిఫ్టులు. మానేసి అమీర్‌పేటలో కోర్సులో చేరతానంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఇప్పుడే మానిపించకండి. ముందు ఆ పనేమిటో మీకు తెలియాలి.

ఒక కంపెనీకి అమ్మకాల వివరాలు సేల్స్‌ఫోర్స్‌లో ఉంటాయి, జమాఖర్చులు శాప్‌లో, కస్టమర్ల చిట్టా ఒరాకిల్ డేటాబేస్‌లో. వీటన్నిటి నుంచీ డేటా తీసి ఒకచోట చేర్చే సాఫ్ట్‌వేరే ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్. అది ఒక్కోచోటికి వెళ్లాలంటే అడ్రస్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కావాలి. వీటిని ఒక పేరు కింద భద్రపరిస్తే అదే కనెక్షన్. శాప్, సేల్స్‌ఫోర్స్ లాంటివాటికి పెట్టేది అప్లికేషన్ కనెక్షన్, డేటాబేస్‌కు పెట్టేది రిలేషనల్ కనెక్షన్. కరెంటు పోతే తప్ప లైన్‌మన్ ఎవరికీ గుర్తురాడు. మీ అమ్మాయి పని కూడా అలాంటిదే.

ఇందులో ఆలోచించాల్సిందేముంది అనిపిస్తుంది. ఒక రాత్రి సంగతి చెబుతాను చూడండి. ఒరాకిల్ డిఫాల్ట్ ప్రొఫైల్‌లో, అంటే ఎవరూ ఏమీ మార్చకపోతే ఉండే సెట్టింగుల్లో, పాస్‌వర్డ్ గడువు 180 రోజులు. గడువు దగ్గరపడిందని డీబీఏ, అంటే డేటాబేస్ చూసుకునే ఆయన, సాయంత్రం ఏడింటికి మార్చి మెయిల్ పెట్టాడు. అదే యూజర్‌తో నాలుగు కనెక్షన్లున్నాయి. మూడింట్లో కొత్త పాస్‌వర్డ్ పెట్టారు, టెస్ట్ చేస్తే పాసయ్యాయి. నాలుగోది ఎవరికీ గుర్తులేదు. దాని మీద పావుగంటకోసారి దానంతటదే నడిచి డేటా తెచ్చే పని ఒకటుంది, దాన్ని జాబ్ అంటారు. అది పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు తడుతూ ఉంటుంది. ఓఆర్ఏ-01017, అంటే పాస్‌వర్డ్ తప్పు. వరసగా పదిసార్లు తప్పితే అకౌంట్ లాక్ అవుతుంది. తొమ్మిదిన్నరకల్లా ఆ పదీ అయిపోయాయి. రాత్రి రెండింటికి నడవాల్సిన పెద్ద జాబ్‌లు సరిగ్గా మార్చిన ఆ మూడు కనెక్షన్ల మీదే ఉన్నాయి. అవి కూడా ఓఆర్ఏ-28000, అంటే అకౌంట్ లాక్ అయింది అని ఆగిపోయాయి.

ఇక్కడ టెన్షన్‌లో ఆ మూడింట్లోనూ పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ టైప్ చేసేవాళ్లుంటారు. డీబీఏని లేపి అన్‌లాక్ చేయించుకుని, తెల్లారేలోగా మళ్లీ లాక్ చేయించుకునేవాళ్లూ ఉంటారు. 'ఈ యూజర్‌తో ఇంకెక్కడ కనెక్షన్ ఉంది?' అని వెతికేవాళ్లు తక్కువ. ఆ వెతుకులాట వచ్చిన పిల్లకు పని వచ్చినట్టే.

సేల్స్‌ఫోర్స్‌ది ఇంకో చిక్కు. పాస్‌వర్డ్ రీసెట్ చేస్తే దాంతోపాటు సెక్యూరిటీ టోకెన్ (పాస్‌వర్డ్‌కు తోడుగా ఇవ్వాల్సిన కోడ్) కూడా మారిపోతుంది. కొత్త టోకెన్ ఆ యూజర్ మెయిల్‌కే వెళ్తుంది. ఆ మెయిల్ ఎప్పుడో ఉద్యోగం మానేసినాయనదైతే? అందుకే ఒక మనిషి పేరు మీద కాకుండా ఇలా సిస్టమ్‌లను కలిపే పనికి (ఇంటిగ్రేషన్) విడిగా యూజర్ పెట్టమంటారు. ఇలాంటివి ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పరని కాదు, చెప్పినా దెబ్బ తగలందే ఎక్కవు.

అలాగని రెండు మూడేళ్లు బటన్లే నొక్కుతూ కూర్చోమనడం లేదు. రాత్రి జాబ్ ఫెయిలైతే సెషన్ లాగ్ (జాబ్ ఎక్కడ ఎందుకు ఆగిందో రాసి ఉండే ఫైల్) తనే తెరిచి చదువుతోందా, లేక ఆ ఫిర్యాదు టికెట్‌ను ఇంకో టీమ్‌కు పంపి ఊరుకుంటోందా? అమ్మాయిని ఈ ఒక్కమాట అడగండి. లాగ్ చదువుతుంటే దారిలోనే ఉంది. చదవనివ్వడం లేదంటే టీమ్ లీడ్‌తో మాట్లాడాలి. అక్కడా కుదరకపోతే అప్పుడు వేరే ఉద్యోగం చూసుకోవాలి, అదీ ఇది చేస్తూనే.

కోడింగ్ లేదంటోంది కదా, అది చేతిలోనే ఉంది. పవర్‌సెంటర్లో పీఎంరెప్ అనే కమాండ్ ఉంది. నలభై కనెక్షన్లు ఒక్కొక్కటీ తెరిచి మార్చే పనిని దాంతో చిన్న షెల్ స్క్రిప్ట్‌గా, అంటే కమాండ్‌లు వరసగా నడిపే చిన్న ప్రోగ్రామ్‌గా రాసేయొచ్చు. లీడ్‌ని అడిగి ముందు డెవలప్‌మెంట్‌ సర్వర్ (ప్రయోగాలకు ఉంచినది) మీద చేసి చూపించమనండి. పాస్‌వర్డ్ మాత్రం స్క్రిప్ట్‌లో మామూలుగా రాసిపెట్టకూడదు, ఎవరూ చదవలేని రూపంలోకి మార్చడానికి (ఎన్‌క్రిప్ట్) పీఎంపాస్‌డబ్ల్యూడీ అనే కమాండ్ ఉంది. ప్రొడక్షన్ (అసలు పని నడిచే సర్వర్ల) పాస్‌వర్డ్‌లు ఎక్సెల్ షీట్‌లో దాచుకునే అలవాటు టీమ్‌లో ఉన్నా సరే, తను ఆ షీట్ జోలికి పోకూడదు. ఏదైనా జరిగితే ముందు అడిగేది కొత్తగా చేరినవాళ్లనే.

పవర్‌సెంటర్ ఒక్కటే నమ్ముకోవడం కూడా మంచిది కాదు. 2025 నవంబర్‌లో ఇన్ఫర్మాటికా కంపెనీని సేల్స్‌ఫోర్స్ కంపెనీ కొనేసింది. పని క్లౌడ్ వైపు జరుగుతోంది. అక్కడ పాస్‌వర్డ్‌ల కంటే వాటి బదులు వాడే ఓఆథ్ టోకెన్లు, సర్టిఫికెట్ల గడువులు ఎక్కువ తలనొప్పి. డేటాబేస్ నుంచి వివరాలు అడిగే భాష ఎస్‌క్యూఎల్, సర్వర్లు నడిచే లైనక్స్ గట్టిగా వస్తే మిగతావి అందుకోవచ్చు. ఇంట్లో సాధనకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, డేటా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే అపాచీ నైఫై రెండూ ఉచితమే.

ఇక అమీర్‌పేట. కోర్సు చేయాలనుంటే శని, ఆదివారాల్లో చేయనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఉద్యోగం మానేసి వెళ్తే రెజ్యూమేలో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీకి 'మూడేళ్ల అనుభవం పెట్టిస్తాం' అనేవాళ్లు తగులుతారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల) నంబర్ కొట్టి పీఎఫ్ చూస్తే ఎక్కడ ఎన్ని నెలలు చేసిందో బయటపడుతుంది.

నైట్ షిఫ్టుల సంగతి వేరు. నిద్ర లేక ఆరోగ్యం చెడిపోతుంటే పైవన్నీ పక్కన పెట్టి, ముందు మేనేజర్‌ని షిఫ్ట్ మార్చమని అడగమనండి. నోటిమాటగా కాదు, మెయిల్‌లో.