జీమెయిల్‌లో అతికించిన ప్యాచ్ ఎందుకు చెడుతుంది

మీరు పంపిన ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పుల్ని చూపే టెక్స్ట్) మెయింటైనర్ (ఆ కోడ్ బాధ్యత చూసేవారు) దగ్గర ఎక్కలేదని అడిగారు కదా, మీ కోడ్‌లో తప్పేం లేదండీ. ప్యాచ్‌ను జీమెయిల్ వెబ్‌లో అతికించి పంపారు కాబట్టే ఎక్కలేదు. జీమెయిల్ వెబ్ ట్యాబ్‌లను స్పేస్‌లుగా మార్చేస్తుంది, 78 అక్షరాల దగ్గర లైను విరిచేస్తుంది. ప్లెయిన్ టెక్స్ట్ మోడ్ పెట్టినా ఈ రెండూ ఆగవు. (హెచ్‌టీఎంఎల్ (రంగులు, ఫాంట్లుండే) మెయిల్ అయితే లినక్స్ కెర్నల్ మెయిలింగ్ లిస్టు గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది.)

ప్యాచ్‌ను నేరుగా మెయిల్ చేసే 'గిట్ సెండ్-ఈమెయిల్' కమాండ్ వాడండి. దాని సెట్టింగ్స్: జీమెయిల్ ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే సర్వర్), పోర్టు 587, టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్). మామూలు పాస్‌వర్డ్ తీసుకోదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ పుట్టించుకోండి. ముందు మీకే పంపుకుని, ఆ మెయిల్‌ను 'షో ఒరిజినల్' నుంచి దించి, మెయిల్‌లోని ప్యాచ్‌ను కోడ్‌లో కలిపే 'గిట్ ఏఎం' కమాండ్‌తో ఎక్కించి చూడండి. ఎక్కితేనే లిస్టుకు పంపండి.

కోడ్ మారలేదుగా, వీ2 (రెండో వెర్షన్) అని పెట్టొద్దు. సబ్జెక్టులో 'ప్యాచ్' అనే మాట పక్కన 'రీసెండ్' చాలు. రివ్యూ వస్తే జవాబు పైన రాయకండి, రివ్యూ చేసినవారు అడిగిన లైను ఉంచి దాని కిందే రాయండి, మిగతాది కత్తిరించండి.