అత్తయ్య ప్రతి మూతా తీసి ఎందుకు వాసన చూస్తున్నారు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బెంగళూరులోనే పుట్టి పెరిగాను. తెలుగు చదువుతానుగానీ రాయడం అంతంత మాత్రం, ఈ ఉత్తరం కూడా చెప్పి రాయించుకున్నాను. వైట్‌ఫీల్డ్ దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉంటాం. మా అత్తగారిది గుంటూరు దగ్గర పల్లె. మావయ్యగారు మే నెలలో పోయారు. జూన్‌లో ఆవిడను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆవిడతోపాటు ఏడాదికి సరిపడా సామానూ వచ్చింది. అయిదు కిలోల కారం, మూడు కిలోల ధనియాల పొడి, పసుపు, మెంతిపిండి, చింతపండు. తినేది నలుగురం, అందులో మా పాప కారం ముట్టదు.

అన్నీ ఒక పద్ధతిలో ఉండాలని ఒకే సైజు గాజు సీసాలు 24 కొన్నాను. ఇంగ్లిష్‌లో లేబుళ్లు ప్రింట్ చేసి అంటించాను. రెండు శనివారాలు పట్టింది. అత్తయ్య వంటింట్లోకి వస్తే ప్రతి సీసా మూత తీసి వాసన చూస్తారు, మళ్లీ సరిగా బిగించరు. ఒకసారి పులుసులో ధనియాల పొడికి బదులు మెంతిపిండి వేశారు. చేదుకి ఎవరూ తినలేకపోయాం, మా ఆయన నవ్వారు. పాల లెక్క మాత్రం రోజూ క్యాలెండర్ మీద శ్రద్ధగా రాసుకుంటారు. అంటే నా వంటిల్లంటేనే లెక్క లేదు కదా?

మొన్న ధనియాల పొడిలో పురుగులు కనిపించాయి. చెబితే గొడవవుతుందని రాత్రి అందరూ పడుకున్నాక మూటంతా కింద వెట్ వేస్ట్ డబ్బాలో వేయించాను. మా ఆయనే లిఫ్ట్‌లో దింపి వచ్చారు. పొద్దున హౌస్‌కీపింగ్ ఆవిడ, అనంతపురం వైపు మనిషి, అత్తయ్యతో రోజూ కబుర్లు చెబుతుంది. "ఇంత పొడి పారబోశారేంటమ్మా" అని అత్తయ్యనే అడిగిందట. అప్పటినుంచి పన్నెండు రోజులుగా అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. మా ఆయన "మీరూ మీరూ చూసుకోండి" అంటారు. నేను చేసిన తప్పేమిటి?

జవాబు: పురుగు పట్టిన పొడి పారేయడం తప్పు కాదమ్మా. జల్లించి వాడదామని మీరు అనుకోకపోవడమే మంచిదైంది. ముందు ఆ బరువు దించేసుకోండి.

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నా చూపు పురుగుల మీద కాదు, సీసాల మీద ఆగింది. ఆవిడ పాల లెక్క క్యాలెండర్ మీద రాసుకుంటారన్నారు. ఏ భాషలో? తెలుగులోనే అయి ఉంటుంది. మీ లేబుళ్లు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. సీసాలన్నీ ఒకే ఎత్తు, ఒకే మూత. ధనియాల పొడినీ మెంతిపిండినీ పక్కపక్కన పెడితే, చత్వారం వచ్చిన కళ్లకు, వంటింటి ట్యూబ్‌లైట్ వెలుతురులో, పెద్ద తేడా ఏం కనిపిస్తుంది? మూత తీసి వాసన చూడటం కాక ఆవిడకు ఇంకో దారేముంది చెప్పండి. మీరు లెక్కలేనితనం అనుకున్నది నిజానికి ఆవిడ జాగ్రత్త. వాసన చూడకుండా వేసిన ఒక్కనాడు పులుసు చేదైంది, కొడుకు నవ్వాడు. ఆ తర్వాత మూతలు తీయడం ఇంకా ఎక్కువై ఉండాలే!

ఊళ్లో ఆవిడ వంటింటికి లేబుల్ అనేదే ఉండి ఉండదు. పసుపు పాత హార్లిక్స్ సీసాలో, కారం జాడీలో, ఆవాలు సొట్టపడిన స్టీలు డబ్బాలో. కరెంటు పోయినా చేయి దానంతటదే వెళ్లి సరైన డబ్బా మీద పడుతుంది. నలభై ఏళ్లు అలా వంట చేసిన మనిషి మీ వంటింట్లో ఈరోజు చదువు రానిదైపోయింది. మీరు కావాలని చేశారని అనను. మీకు తెలుగు రాయడం అలవాటు లేదు, ఆవిడకు ఇంగ్లిష్ రాదు. ఆ రెంటి మధ్యా 24 సీసాలు నిలబడ్డాయి, అంతే.

అందుకని మొదటి పని లేబుళ్లు. మీరు రాయకండి, ఆవిడ చేత రాయించండి. కాగితపు టేపూ, మందపాటి మార్కరూ చాలు. మీ ఇంగ్లిష్ లేబుల్ పైన ఉండనివ్వండి, కింద ఆవిడ అక్షరాలు ఉంటాయి. రోజూ వాడే ఏడెనిమిదిటిని మాత్రం సీసాల్లోంచి తీసి పోపుల పెట్టెలో పోసేయండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, పసుపు. ఏ గిన్నెలో ఏది ఉండాలో ఆవిడే పెట్టుకోనివ్వండి. వారం తిరిగేసరికి మీ చేతికీ ఆ వరస అలవాటవుతుంది.

ఇక ఆ రాత్రి సంగతి. మీరు రాసిన నెలలు పక్కపక్కన పెట్టి చూశాను. మావయ్యగారు పోయింది మేలో. మిరపకాయలు తొడిమలు తీసి ఎండబెట్టడం, ధనియాలు బాగుచేయడం, పొడులు కొట్టించడం ఇవన్నీ మన వైపు మార్చి, ఏప్రిల్ నెలల పని. అంటే ఆ మూట ఆయన ఉండగా ఆ ఇంట్లో చేసిన చివరి ఏడాది సామాను. మర దగ్గరికి బస్తా మోసుకెళ్లింది బహుశా ఆయనే. ఇదంతా ఆవిడ మనసులో ఉందని ఖాయంగా చెప్పలేనుగానీ, లేకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. దాన్ని పారేశారన్న మాట మీ నోటినుంచి కాక చెత్త డబ్బా దగ్గర బయటి మనిషి నోటినుంచి వినాల్సి వచ్చింది. పన్నెండు రోజుల మౌనం దానికే అనుకుంటాను.

క్షమాపణ దేనికి చెప్పాలో తేడా గమనించండి. పారేసినందుకు కాదు, చెప్పకుండా పారేసినందుకు. భోజనాల దగ్గర అందరి ముందూ వద్దు. మధ్యాహ్నం ఆవిడ ఒక్కరే కూర్చుని ఉన్నప్పుడు పక్కన కూర్చుని, "అత్తయ్యా, పొడికి పురుగు పట్టింది. మీకు చెబితే బాధపడతారని భయపడి దాచాను. చెప్పాల్సింది" అనండి. అక్కడితో ఆపేయండి. "కానీ మీరు కూడా" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆవిడ వెంటనే కరిగిపోతారని ఆశపడొద్దు. "సర్లే" అన్నా చాలు.

మీవారితో ఇంకో మాట. మూటను లిఫ్ట్‌లో దింపిన మనిషి "మీరూ మీరూ చూసుకోండి" అనడం నాకు నచ్చలేదు. దింపిన చేతులు ఆయనవి, మౌనం మాత్రం మీ ఒక్కరి వాటాకి వచ్చింది. "అమ్మా, తీసుకెళ్లి వేసింది నేనే" అని ఆయన వాళ్లమ్మతో చెప్పాలి. ఈ ఒక్క వాక్యానికి మధ్యవర్తిత్వం అని పెద్ద పేరు అక్కర్లేదు.

పురుగు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరి చేతి దోషమూ కాదు. ధనియాలకూ కారానికీ పసుపుకూ పట్టే పురుగు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, ఎరుపు కలిసిన గోధుమ రంగు. పలచటి ప్లాస్టిక్ కవరుకు సూదితో పొడిచినట్టు బెజ్జం చేసుకుని బయటికి వస్తుంది. కిటికీ గాజు దగ్గర చచ్చిపడి కనిపిస్తుంటాయి, చూసే ఉంటారు. దాని గుడ్లు చాలాసార్లు గింజతోనో, మర దగ్గరో, దుకాణం గోదాములోనో మన ఇంటికి వచ్చేస్తాయి. వేడీ, కాస్త చెమ్మా దొరికితే పెరుగుతాయి. ఊళ్లో మే నెల ఎండలో నాలుగు రోజులు ఆరబోసేవాళ్లు. మీ ఫ్లాట్ బాల్కనీలో గంటా రెండు గంటలు నీరెండ వస్తే గొప్ప, పైగా ఆ మూట దిగింది జూన్‌లో, వానలు మొదలయ్యాక.

మిగిలిన సీసాలు కూడా చూడాలి కదా, అది మీరొక్కరే చేయకండి. ఒక్కొక్కటీ తెల్ల పళ్లెంలో పలచగా పరిచి కిటికీ దగ్గర పది నిమిషాలు వదిలేయండి. పురుగుంటే పొడి మీద సన్నని గీతలు పడతాయి, లేదా ఉండలు ఉండలుగా అతుక్కుని ఉంటుంది. గింజలైతే అత్తయ్యను చేటలో పోసి చూడమనండి. ఆవిడ కళ్లజోడు లేకుండానే పట్టేస్తారని నా నమ్మకం. పారేయాల్సింది ఏదైనా ఉంటే ఈసారి పారేయమని చెప్పేది ఆవిడే అవుతారు. అలమర తుడిచి, మూలలూ స్క్రూ బెజ్జాలూ ఆరనిచ్చాకే తిరిగి సర్దండి.

అయిదు కిలోల కారం మీకు ఎక్కువే. ఆ మాట వాదించి నెగ్గాల్సిన పని లేదు, సీసాయే చెబుతుంది. అరకిలో సీసా నింపిన రోజు తేదీని ఆవిడ పాల లెక్క పక్కనే రాయమనండి. ఖాళీ అయిన రోజు మళ్లీ రాయమనండి. రెండు సీసాలు అలా అయ్యేసరికి ఏడాదికి ఎంత కావాలో ఆవిడ చేతిరాతలోనే తేలిపోతుంది. సంక్రాంతి వెళ్లాక కొత్త మిర్చి మార్కెట్‌కి వస్తుంది, అప్పటికి ఆ లెక్క చేతిలో ఉంటుంది.

అయితే "ఇక ఊరినుంచి ఏమీ వద్దు, ఇక్కడ ప్యాకెట్లు కొనుక్కుందాం" అని మాత్రం అనకండి. దుకాణం పొడి మీద ఆవిడ అనుమానం ఛాదస్తం కాదు. 2003లో మన దేశంనుంచి వెళ్లిన కారంలో సుడాన్ అనే, బూట్ల పాలిష్‌లో వాడే రంగు దొరికిందని ఐరోపాలో పెద్ద గొడవే అయింది. తెప్పించండి, కాకపోతే పొడిగా కాదు, కాయగా, గింజగా. కొట్టిన పొడి కొన్ని నెలలకే వాసన తగ్గుతుంది, వెలుతురు తగిలితే కారం రంగు వెలిసిపోతుంది. గింజ చాలా కాలం నిలుస్తుంది. బెంగళూరు పాత పేటల్లో "హిట్టిన గిరణి" (కన్నడంలో పిండిమర) బోర్డులు ఇంకా కనిపిస్తాయి. మీ ఇంటికి దగ్గరలో కారానికి వేరే మర ఉన్నది ఏదో వెతికిపెట్టండి, లేకపోతే మీకు ముందు ఆడించుకున్నవాళ్ల రాగిపిండి మీ కారంలో కలుస్తుంది. మూడు నెలలకోసారి మీవారు ఆవిడను అక్కడికి తీసుకెళ్లాలి. మరాడించిన పొడి వేడి మీద సీసాలో పోస్తే చెమ్మ పడుతుందని ఆవిడకు నేను చెప్పనక్కర్లేదు. బ్యాడగి మిర్చి గురించి కూడా అక్కడ ఎవరో ఒకరు చెబుతారు. హావేరి వైపు పండే ముడతల మిర్చి, రంగు దండిగా, ఘాటు తక్కువ. మీ పుట్టింట్లో వాడేది అదే అయి ఉంటుంది. గుంటూరు మిర్చిలో సగం అది కలిపి కొట్టిస్తే పాప కూడా రెండు ముద్దలు తింటుందేమో. "ఎర్రగా ఉందిగానీ కారమేదీ" అని ఆవిడ ఒక మాట అంటారు. అననివ్వండి.

ఊరినుంచి వచ్చిన ధనియాలూ మిర్చీ డబ్బాలో పోసే ముందు గాలి చొరని కవర్లలో వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి. గుడ్లు చస్తాయి. ఎండుమిర్చి బరువు తక్కువ, చోటు ఎక్కువ, కాబట్టి విడతలుగా పెట్టాలి. బయటికి తీశాక కవరు మీద చల్లదనం పోయేవరకూ విప్పకూడదు, విప్పితే నీరు పడుతుంది. "ఫ్రిజ్‌లో మిరపకాయలేంటి" అని ఆవిడ అంటే గుంటూరు కోల్డ్ స్టోరేజీలు గుర్తుచేయండి. రేటు కోసం రైతులు మిర్చి టిక్కీలు (బస్తాలు) నెలల తరబడి చలిలో దాచుకునే ఊరు అది. ఆ మాటకు ఆవిడ దగ్గర జవాబు ఉండదు.

స్టవ్ పైనున్న అలమరలో పొడులు పెట్టకండి. ఈ తప్పు నేనూ ఏళ్ల తరబడి చేశాను. కుక్కర్ ఆవిరి తగిలి పసుపు రాయిలా గడ్డకడితే, ఆ నెల సరుకు బాగాలేదని దుకాణం అతణ్ని తిట్టాను పాపం. సీసాను పొగలు వస్తున్న గిన్నె మీద వంచి దులిపే అలవాటు మీ ఇంట్లో ఎవరికున్నా మానాలి, తడి చెంచా కూడా.

ఇప్పుడు పాడు కాకుండా మిగిలిన కారం ఉంది కదా. ఒక కిలో ఉంచుకుని తక్కినది పావుకిలో చొప్పున కట్టించి, మీ అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ల ఇళ్లకు ఆవిడ చేతులతో ఇప్పించండి. వైట్‌ఫీల్డ్‌లో గుంటూరు కారం వద్దనే తెలుగు ఇల్లు ఉంటుందని నేను అనుకోను. ఆ హౌస్‌కీపింగ్ ఆవిడకు కూడా ఒక పొట్లం.

చివరిగా ఒక జాగ్రత్త. ఇప్పటిదాకా రాసినది సామాన్య దుఃఖం అనుకుని రాశాను. ఆవిడ రాత్రుళ్లు నిద్రపోవడం లేదనిపించినా, తిండి తగ్గి మనిషి చిక్కిపోతున్నా, మీతోనే కాక మనవరాలితో కూడా మాట తగ్గించినా ఇక సీసాలు పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి. మీ ఊళ్లోనే నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. ఆసుపత్రి అంటే ఆవిడ బెదిరితే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి, తెలుగులోనూ మాట్లాడతారు.

అన్నట్టు, ఇంగువ కూడా ఆ 24 సీసాల వరసలోనే పెట్టారా? దాన్ని అక్కడినుంచి తీసి బిగుతు మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో వేరే అరలో పెట్టండి. లేకపోతే ఎన్ని మూతలు తీసినా ఆవిడ ముక్కుకు ఇంగువ తప్ప ఏదీ తెలియదు.