ముందు భోజన వేళలు రాసుకోండి

చి. సౌ. అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన పట్టిక చూశాను. పది రోజుల్లో రోమ్, నేపుల్స్, పీసా, ఫ్లోరెన్స్, మిలాన్, వెరోనా, వెనిస్. ఏడు ఊళ్లు! పెళ్లయ్యాక మీరిద్దరూ కలిసి వెళ్తున్న మొదటి దూర ప్రయాణం ఇది. అందులో సగం కాలం పెట్టెలు సర్దుకోవడానికీ స్టేషన్లలో పడిగాపులు పడటానికీ పోతుందంటే నాకు మనసొప్పడం లేదు. మూడు ఊళ్లు చాలు. రోమ్‌లో నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో మూడు, వెనిస్‌లో రెండు ఉండండి.

రైళ్ల గురించి బెంగ వద్దు. రోమ్ టెర్మిని స్టేషన్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగం రైలులో గంటన్నర, అక్కడి నుంచి వెనిస్‌కు రెండుంపావు గంటలు. ఈ టికెట్లు ముందుగా కొంటే చవక. చిన్న ఊళ్లకు వెళ్లే ప్రాంతీయ రైళ్లకు ఆ తొందర అక్కర్లేదు. కాని కాగితం టికెట్ కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే జరిమానా కట్టాలి.

ఇక అసలు మాట. చూడవలసిన వాటి పట్టిక తర్వాత, ముందు భోజన వేళలు రాసుకోండి. ఇటలీలో మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా. ఆ తర్వాత మంచి రెస్టారెంట్లలో పొయ్యి ఆర్పేస్తారు. మళ్లీ రాత్రి ఏడు, ఏడున్నరకు గాని వెలిగించరు. మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సంగతి తెలియక, మేము కొలోసియం, పాత రోమ్ శిథిలాలున్న ఫోరం చూసుకుంటూ మూడున్నర దాకా తిరిగాం. పైన ఎండ, లోపల ఆకలి. ఏ తలుపు చూసినా మూసే ఉంది. చివరికి బయట వంటకాల బొమ్మలు పెట్టి, దారిన పోయేవాళ్లను చేయి పట్టుకున్నంత పని చేసి పిలిచే ఒక చోట కూర్చుని, అట్టలా ఎండిన పిజ్జా తిన్నాం. ఆ సాయంత్రం దాకా మీ పెదనాన్నా నేనూ మాట్లాడుకోలేదు. అంత గొప్ప కట్టడం చూసిన రోజున నాకు మిగిలింది ఆ మౌనమే. ప్రయాణంలో ఆలుమగల మధ్య వచ్చే తగువుల్లో సగం ఆకలి తగువులే, అమ్మలూ. మీకు అలా కాకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

పొద్దున ఒక పెద్ద చోటు చూడండి, ఒంటి గంటకు కూర్చుని భోంచేయండి, ఎండ తగ్గేదాకా గదిలో నడుం వాల్చండి, సాయంత్రం ఊరికే నడవండి. రోజుకు ఒక మ్యూజియం మించవద్దు.

పొద్దుటి కాఫీ నిలబడే తాగండి. అక్కడ ‘బార్’ అంటే కాఫీ కొట్టు. కౌంటరు దగ్గర నిలబడితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఇంకో ధర. పెద్ద కూడళ్లలో ఆ తేడా మరీ ఎక్కువ. చాలాచోట్ల భోజనం బిల్లులో ‘కోపెర్తో’ అని మనిషికి రెండు మూడు యూరోలు వేస్తారు. అది మోసం కాదు, బల్లకూ రొట్టెకూ తీసుకునే రుసుము.

అల్లుడు గారు శాకాహారి కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. పాస్తా అంటే మాంసం లేనట్టే అనుకోవద్దు. సూపుల్లో, రిసొట్టో అనే అన్నం వంటకంలో చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు. ఆ నీళ్లను ‘బ్రోదో’ అంటారు, ఆ మాట పెట్టి అడగండి. ‘సెంత్సా కార్నే, సెంత్సా పేషే’ అంటే మాంసం లేకుండా, చేప లేకుండా అని అర్థం. ఇంకో సంగతి చాలామంది చెప్పరు. పార్మిజానో, పెకోరీనో చీజ్‌లకు పాలు విరగడానికి దూడ, గొర్రెపిల్లల పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. ఆయనకు అంత పట్టింపు ఉంటే పిజ్జా మరినారా అడగండి. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే, చీజ్ అసలు ఉండదు. ‘ఆల్యో ఎ ఓలియో’ పాస్తాలో వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చి తగులుతాయి, మన నాలుకకు హాయిగా ఉంటుంది.

రోమ్‌లో 1555లో పోపు శాసనంతో యూదులను గోడల మధ్య ఉంచిన పేట ఒకటి ఉంది. అక్కడి వంట ‘కార్చోఫి అల్లా జూదీయా’ మీ ఇద్దరూ తినగలిగేది. ఆర్టిచోక్ మొగ్గను అలాగే నూనెలో వేయిస్తారు. పళ్లెంలోకి వచ్చేసరికి విప్పారిన చామంతిలా ఉంటుంది. బయటి రేకులు అప్పడంలా పెళపెళలాడతాయి, లోపలి గుండె వెన్నలా మెత్తగా ఉంటుంది. చలికాలం చివరి నుంచి వసంతం దాకా దాని రుతువు. మీరు మార్చిలో వెళ్తున్నారు, వదలకండి.

వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసి ఉంటాయి. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరిచి ఉచితంగా వదులుతారు, ఆ రోజు ఒత్తిడి చెప్పనలవి కాదు. వేరే రోజుకు ముందుగా టికెట్ తీసుకోండి. చర్చిల్లోకి భుజాలూ మోకాళ్లూ కప్పుకుని వెళ్లాలి, సంచిలో ఒక శాలువా ఉంచుకో. రోమ్‌లోని పాత గుడి పాంథియన్ మాత్రం నా మాటగా చూడు. క్రీ.శ. 126 ప్రాంతంలో, హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయింది. 43 మీటర్ల వెడల్పు గుమ్మటం, నడిమిన తొమ్మిది మీటర్ల గుండ్రని రంధ్రం, దానికి మూత లేదు. మేము వెళ్లినప్పుడు సన్నని వాన. చినుకులు ఆ రంధ్రంలోంచి తిన్నగా దిగి, నేలలోని చిన్న కన్నాల్లోకి ఇంకిపోతున్నాయి. నడుమ ఒక్క స్తంభమూ లేని ఆ గుడిలో వానే స్తంభమై నిలబడినట్టుంది. వాన పడితే గదిలో ఉండిపోకండి, అక్కడికి పరుగెత్తండి.

ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ, అకాడెమియా మ్యూజియంలు రెండూ సోమవారం మూస్తారు. అకాడెమియాలో మైకెలాంజెలో 1501–1504 మధ్య చెక్కిన డేవిడ్ విగ్రహం 17 అడుగులు ఉంటుంది. చుట్టూ తిరిగి, దాని కుడిచేతి నరాల దగ్గర ఆగి చూడండి. అక్కడి పెద్ద చర్చి మీద బ్రూనెలెస్కీ కట్టిన గుమ్మటం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్టు లేదు. భోజనం చేసిన వెంటనే ఎక్కవద్దు. ఫ్లోరెన్స్‌లో ‘రిబొల్లీతా’ సూపు తినండి. పేరుకు అర్థం మళ్లీ ఉడికించినది అని. తెల్ల చిక్కుడు గింజలు, నల్ల ఆకుకూర, నిలవ రొట్టె. నిన్నటి పులుసు ఇవాళ రుచి అని మనమంటామే, ఆ రుచే అది. దాంతో ఇచ్చే టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు, వంటవాళ్లు మరిచిపోయారనుకోకండి.

వెనిస్ వెళ్తూ దారిలో బొలోన్యాలో దిగి భోంచేయవచ్చు. వేగం రైళ్ల ప్లాట్‌ఫాంలు అక్కడ భూమిలో చాలా లోతున ఉంటాయి, మళ్లీ రైలెక్కడానికి పావుగంట ముందే రండి.

వెనిస్‌కు ముందు, ఒడ్డునే ఉన్న మేస్త్రే స్టేషన్‌లో దిగవద్దు. సాంతా లుచీయా దాకా కూర్చోండి, బయటికి రాగానే మెట్ల కిందే గ్రాండ్ కెనాల్. దాదాపు వంతెనలన్నిటికీ మెట్లే, కాబట్టి మనిషికి ఒక చిన్న పెట్టె చాలు. గొండోలా పడవ షికారుకు పగలు అరగంటకు 90 యూరోలని ఊరే ధర కట్టింది. అంత పెట్టాలని లేకపోతే ఒకటో నంబరు పడవ బస్సులో కాలువ పొడవునా వెళ్లండి. నువ్వు చేపలు తింటావు గనక ‘సార్దె ఇన్ సావోర్’ అడుగు. వేయించిన చేపలను ఉల్లిపాయ, వెనిగర్, ఎండుద్రాక్షలో నానబెడతారు. అదీ మర్నాటికే బాగుంటుంది.

నెయ్యి, పాలకోవా పెట్టుకోవద్దు, ఐరోపా సమాఖ్యలోకి పాల పదార్థాలు రానివ్వరు. కందిపొడి నేను కొట్టి పంపుతాను.

చివరి రోజు అల్లుడు గారిని ఆరింటికే లేపు. ఒక్క రోజుకు వచ్చిపోయే జనం పది గంటలకు గాని వెనిస్‌లో దిగరు. సాన్ మార్కో కూడలిలో పావురాలూ ఊడ్చేవాళ్లూ తప్ప ఎవరూ ఉండరు. ఒక చుట్టు నడిచి, పక్క సందులో తెరిచిన మొదటి కొట్టులో ఇద్దరూ నిలబడి కాఫీ తాగండి. రైలు ఎన్నింటికో నాకు ముందే రాసి పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ